పటేలు గోడకు సున్నం పడ్డ రోజు

కొత్తగా కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి చేరిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను కోతలు కోస్తాను. చిన్నప్పటి అలవాటు. మా అవ్వ నన్ను ఉప్పుకోసం దుకాణానికి పంపితే, తిరిగొచ్చి నేను చెప్పే కథ వినడానికి వాడకట్టంతా మా గడపలో చేరేది; ఉప్పు తేలేదన్న సంగతి అన్నం దగ్గర కూర్చున్నాక గానీ ఎవరికీ తట్టేది కాదు. కాబట్టి ఈ జ్ఞాపకంలో ఎండ, మనుషుల ఎత్తు, కారం ఘాటు ఎక్కడ కనిపించినా మీకు తోచినంత తగ్గించుకుని చదవండి. నేనేమీ నొచ్చుకోను. ఎంత తగ్గించినా చివరికి కొంత మిగులుతుందని నా ధైర్యం.

నేను కరీంనగర్‌లో ఒక ఆర్కిటెక్చర్ కాలేజీలో బొమ్మలు వేయడం నేర్పేవాణ్ణి. ఇల్లు కట్టడం నేర్పే సార్లు వేరే ఉండేవారు. కట్టేముందు కళ్లు తెరిచి చూడటం నేర్పడం నా వంతు. దానికి జీతం తక్కువ, మర్యాద ఇంకా తక్కువ. తర్వాత పిల్లలు చేరడం తగ్గి, గేటుకు తాళం పడి, మోకాళ్లు అరగకముందే నేను రిటైరైపోయాను. కానీ మూతపడటానికి కొన్నేళ్ల ముందు మా కాలేజీకి ఒక వైభవం పట్టింది. యూరప్‌లోని ఒక యూనివర్సిటీ తన ఆర్కిటెక్చర్ విద్యార్థులను ఒక సెమిస్టర్ మా దగ్గర చదువుకోవడానికి పంపింది. పాత భవనాల ఎదుట కూర్చుని వాటిని నీటిరంగుల్లో వేయడం వాళ్ల చదువులో ముఖ్యమైన భాగం. ఆ దేశాల పిల్లలు మామూలుగా ఇందుకోసం రోముకు పోతారట. వీళ్లు మంథనికి వచ్చారు.

ఎందుకు వచ్చారంటే వాళ్ల టీచరమ్మ పట్టుదల. "రోమును అందరూ వేసేశారు, అక్కడి రాళ్లకు కూడా బొమ్మలకు నిలబడి నిలబడి విసుగొచ్చింది" అన్నదావిడ. అరవై దాటిన మనిషి. బక్కపలచగా ఉండేది గానీ నెత్తిమీద టోపీ మాత్రం సామాన్యమైనది కాదు. మంథని బస్టాండులో ఆవిడ దిగినప్పుడు, పెద్దపల్లి బస్సుకోసం ఎండలో నిలబడ్డవాళ్లంతా ఆ టోపీ నీడలోకి జరిగారు. డ్రైవర్ బస్సును కూడా కొంచెం జరిపాడని కండక్టర్ నాతో ప్రమాణం చేసి చెప్పాడు.

ఇంతమందికి మంథనిలో బస ఎక్కడ? ఒక ఫంక్షన్ హాలు మాట్లాడాను. టీచరమ్మకు పెళ్లికూతురి గది ఇచ్చాం. పెళ్లికొడుకు గది నాకూ, మా కాలేజీ నుంచి నాతో వచ్చిన స్ట్రక్చర్స్ సారుకూ దక్కింది. స్ట్రక్చర్స్ సారుది ఆదిలాబాద్. దూలానికి ఎంత బరువు, పునాదికి ఎంత లోతు అన్న లెక్కలు తప్ప లోకంలో వేరే జ్ఞానం ఉందని ఆయన ఒప్పుకోడు. బొమ్మల పని మీద ఆయనకున్న అభిప్రాయం మొదటిరోజే చాయ్ తాగుతూ చెప్పాడు.

"సారూ, గోడ నిలవడుతదా కూలుతదా, గదొక్కటి సూడాలె. గోడ ఏ రంగుల ఉంటె మనకెందుకు? గింత దూరం ఇమానంల అచ్చి గోడలు సూసి బొమ్మలేసుడేంది? అరే బాప్‌రే!"

"మీరు జర ఓపిక పట్టుండ్రి" అన్నాను.

"ఓపిక పడుతున్న గదా. పెండ్లికొడుకు రూముల మీతోటి పండుకుంటున్న, ఇంకెంత ఓపిక గావాలె?"

ఇక ఎండ సంగతి. మార్చి నెల. వాళ్ల దేశంలో కాగితం మీద రంగునీళ్లు పూసి, వంటింట్లోకి వెళ్లి, చాయ్ పెట్టుకుని, తాగి, కప్పు కడిగి వచ్చేసరికి పూత ఇంకా తడిగానే ఉంటుందట. మంథనిలో కుంచెను నీళ్లలో ముంచి కాగితం దాకా తెచ్చేలోపే నీళ్లు ఆవిరై ఆకాశానికి పోయి, మేఘంగా మారి, కాళేశ్వరం మీద కురిసేవి. టీచరమ్మ రెండోరోజే తన పాఠాన్ని మార్చేసింది. పిల్లలందరినీ పొద్దు పొడవకముందే లేపి, ఒక్కొక్కరు కాగితం బిగించుకునే పలక కింద తడిపిన గోనెసంచి పరిపించింది. ముప్పైయేళ్లుగా ఒకే పద్ధతిలో నేర్పిన మనిషి, ఊరు మారగానే ఒక్క పూటలో పద్ధతి మార్చుకోవడం చూసి నేను నోరు తెరిచాను. ఆ తెరిచిన నోటిలోకి ఈగ పోయింది. ఇది నిజం.

ఆ పిల్లల్లో ఒక అమ్మాయి ఉండేది. పేరెందుకు, పొడుగమ్మాయి అందాం. ఆమె నిలబడితే కరెంటు తీగలమీది పిట్టలు పక్కకు జరిగేవి. నేను చూసిన విద్యార్థుల్లో అంత కష్టపడేవాళ్లు లేరు. అంత బురద చేసేవాళ్లూ లేరు. నీటిరంగుకు ఒక గుణం ఉంది. తడిగా ఉన్నంతసేపు దాని పని అది చేసుకుంటుంది, మనం చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఈమెకు అది చేతనయ్యేది కాదు. తడి మీద మళ్లీ కుంచె పెట్టేది. మరక పడేది. దాన్ని సరిచేయబోయి ఇంకోసారి పెట్టేది. ఉదయం మహా అందంగా మొదలైన బొమ్మ మధ్యాహ్నానికి గోదావరి వరద తీసిన మర్నాటి మడి మాదిరి తయారయ్యేది.

నవ్వుకోవడానికి లేదు. ఆ అమ్మాయి ఇదే సబ్జెక్టు అంతకుముందు ఏడాది తప్పింది. ఇది ఆఖరి అవకాశం. ఈసారి కూడా తప్పితే కోర్సులోంచి పేరు తీసేస్తారు, అప్పటిదాకా చదివిన చదువంతా నీళ్లపాలు. పాస్ కావాలంటే భవనం ఎదుట కూర్చుని వేసిన బొమ్మ ఒక్కటి, పూర్తయినది, జ్యూరీకి పెట్టాలి. జ్యూరీ అంటే బొమ్మలన్నీ వరసగా ఆనించి పెట్టి, సార్లంతా వాటి ముందు నిలబడి తీర్పు చెప్పే రోజు. టీచరమ్మ, నేను, స్ట్రక్చర్స్ సారు ఆ జ్యూరీ. ఫొటో చూసి వేయడం నిషిద్ధం. మిగతా పిల్లలందరి దగ్గరా రెండేసి, మూడేసి బొమ్మలు సిద్ధంగా ఉన్నాయి. పొడుగమ్మాయి దగ్గర ఒక్కటీ లేదు.

జ్యూరీ కూడా మేము ఎక్కువగా వేసిన ఇంటి ముందే అనుకున్నాం. అది ఒక పటేలు ఇల్లు. వరి సాగు, పెద్దపల్లిలో విత్తనాల దుకాణం ఉన్న కుటుంబం. గూన పెంకుల కప్పు, వీధి పొడుగునా అరుగు, నలుగురు కలిసి తోస్తే గానీ కదలని దర్వాజ. ఆ ఇంటికి దక్షిణపు గోడ ఒకటి ఉంది. ఎన్ని వానలు తిన్నదో తెలీదు, దానిమీద పాచి ఆకుపచ్చగా దిగి, నల్లబడి, మధ్యలో పాత సున్నం పెచ్చులూడి, లోపలి మట్టి పసుపుగా తొంగిచూసేది. పిల్లలు ఆ గోడను చూసిన చూపు చూస్తే, పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ ఎవర్నీ అట్లా చూసి ఉండరు. రోజూ అక్కడే. పటేలు మీసాలు మెలేసుకుంటూ అరుగుమీద కూర్చునేవాడు. ఆ మీసాల చివర్లు రెండు వేర్వేరు వాడల్లో ఉండేవి. పటేలమ్మ అందరికీ మజ్జిగ పోసేది.

జ్యూరీకి రెండు రోజుల ముందు అద్భుతం జరిగింది. పొడుగమ్మాయి కాగితం తడిపి, గోడ మీది పాచికోసం ఆకుపచ్చ చుక్క తాకించింది. అది దానంతట అది కిందికి దిగడం మొదలుపెట్టింది. ఆమె కుంచె మళ్లీ కాగితం వైపు రావడం నాకు కనిపిస్తోంది. ఇక ముట్టుకోబోతుంది, ఇక బురదే. సరిగ్గా అప్పుడే పటేలమ్మ లోపలినుంచి కేకేసింది.

"ఓ పొడుగు బిడ్డా! సర్వపిండి సల్లారిపోతది, జల్ది రా! బొమ్మ యాడికి పోతది, ఆన్నే ఉంటది!"

ఆ అమ్మాయికి తెలుగు రాదు గానీ సర్వపిండి అన్న మాట వచ్చు. కుంచె కిందపెట్టి పరుగెత్తింది. మిరపకాయల ఘాటుకు ఏడుస్తూ, ముక్కు తుడుచుకుంటూ, రెండోది కూడా తిని వచ్చేసరికి బొమ్మలో పాచి ఆరిపోయి, గోడమీది పాచి కన్నా పాచిలా ఉంది. టీచరమ్మ టోపీ తీసి చేత్తో పట్టుకుంది. ఆవిడ టోపీ తీయడం నేను అదే మొదటిసారి చూడటం. గోడ వచ్చేసింది. ఇక కప్పు, దర్వాజ, అరుగు మిగిలాయి. జ్యూరీ రోజు పొద్దున కూర్చుంటే అయిపోతుంది.

ఆనందం పట్టలేక ఆ అమ్మాయి పలకను పటేలుకు చూపించింది. "మంచిగున్నదా?" అని తనకొచ్చిన తెలుగంతా వాడి అడిగింది. పటేలు చాలాసేపు చూశాడు. బొమ్మను చూశాడు, గోడను చూశాడు, మళ్లీ బొమ్మను చూశాడు. "మంచిగనే ఉన్నది బిడ్డా" అని లోపలికి పోయాడు. మీసం ముట్టుకోలేదు. నేను గమనించాను గానీ అర్థం కాలేదు.

మర్నాడు అందరినీ ఆసిఫాబాద్ వైపు మట్టి ఇళ్లు చూపించడానికి తీసుకెళ్లాం. తిరిగొచ్చాక తిన్నగా ఫంక్షన్ హాలుకే పోయాం. ఆ మరుసటి పొద్దున, జ్యూరీ రోజున, పలకలు చంకన పెట్టుకుని పటేలు ఇంటి సందు మలుపు తిరిగి అందరం ఆగిపోయాం.

ఇల్లు తెల్లగా ఉంది. ఎంత తెల్లగా అంటే, సూర్యుడు దాన్ని చూసి కాసేపు మబ్బు చాటుకు పోయాడు. పాచి లేదు, పెచ్చులు లేవు, పసుపు మట్టి లేదు. కొత్త సున్నం. అడుగున ముందుకు వచ్చిన గట్టుకు పట్టెలాగా ఎర్రమట్టి జాజు. గుమ్మానికి మామిడాకులు. అరుగుమీద, ఇస్త్రీ ధోవతిలో పటేలు.

"అచ్చిన్రా సార్! సూడుండ్రి ఇప్పుడు! ఎట్లున్నది ఇల్లు?"

ఎండకు చెయ్యి అడ్డుపెట్టుకుని పటేలును అడిగాను.

"ఏమైంది పటేలా? గిప్పుడెందుకు సున్నం ఏపిచ్చిన్రు?"

"ఏం జెయ్యమంటరు సార్? మొన్న ఆ పొడుగు పిల్ల ఏసిన బొమ్మ సూసినంక నాకు తిండి సయించలే. నేను రోజు గా గోడ పక్కపొంటే తిరుగుత. గంత పాసి పట్టిందని నాకు ఎన్నడు కనవడలే. ఆమె బొమ్మల సూస్తెనే కనవడ్డది. మీరు గా బొమ్మను దేశం గాని దేశం తీస్కపోతరాయె. ఆడ నలుగురు సూసి, గీ పటేలుకు సున్నమేసే తాకత్ లేదా అనరా? మా ఇజ్జత్ ఏం గావాలె?"

పటేలమ్మ గుమ్మంలోంచి అందుకుంది. "నిన్న పొద్దుగాల్ల సంది కూలోళ్ల పానం తీసిండు సార్. పెండ్లికి ఏసినట్టు ఎయ్యాలన్నడు, నీలిమందు గలుపుమన్నడు. జాజు మాత్రం నేనే పూసిన."

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ కాస్త ఆగండి. అతిథులు వస్తున్నారంటే ఇంటికి సున్నం వేయడం మన దగ్గర మర్యాద. ఆయన మమ్మల్ని గౌరవించాడు. పైగా బొమ్మ బాగా రాకపోయి ఉంటే ఆయనకు ఆ పాచి కనిపించేదే కాదు. ఆ అమ్మాయి జీవితంలో మొదటిసారి ఒక గోడను నిజంగా వేసింది. అందువల్లే ఆ గోడ మాయమైంది. ఇప్పుడు ఆయన్ని ఏమని అడగాలి?

పిల్లల్లో ఇద్దరు నిజంగానే ఏడ్చారు. వాళ్లకు వేరే బొమ్మలున్నాయి, గోడమీద ప్రేమతో ఏడ్చారు. పొడుగమ్మాయి ఏడవలేదు. సగం బొమ్మను పట్టుకుని, సున్నం గోడకన్నా తెల్లగా నిలబడింది.

స్ట్రక్చర్స్ సారు నా చెవిలో గొణిగాడు. "నీ బొమ్మల గోడ గాయబ్ అయింది సారూ. ఇగ ఆ పొల్ల గతేంది?"

"మెల్లగ మాట్లాడుండ్రి. పటేలు ఇంటడు."

"ఇంటె ఇననియ్. ఆమె ఫోన్ల ఫొటోలు ఉన్నయి గద? సూసి ఏస్కోమనుండ్రి. ఎవనికి ఏం నష్టం?"

ఆయన నోట ఈ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. రంగులంటే గిట్టని మనిషి, ఆ పిల్లకోసం టీచరమ్మ దగ్గరికి నడిచి, తన ఆదిలాబాద్ ఇంగ్లీషులో వాదించాడు. నేనూ గొంతు కలిపాను. టీచరమ్మ అంతా విన్నది. గోడ దగ్గరికి వెళ్లి అరచెయ్యి ఆనించింది. చెయ్యి తెల్లబడింది. పటేలమ్మ పకపకా నవ్వింది. టీచరమ్మ ఆ చెయ్యిని మాకు చూపిస్తూ ఇంగ్లీషులో అన్నది. నేను తెలుగులో రాస్తున్నాను.

"ఈ ఇల్లు నిన్నటి ఇల్లు కాదు. ఈవేళ కళ్లముందు ఉన్నదే వేయాలి. ఫొటో వద్దు. జ్యూరీ సాయంత్రానికి జరుపుతాను, అంతకంటే నేను చేయగలిగింది లేదు."

రాతిగుండె అనుకున్నాను. అదే మాట స్ట్రక్చర్స్ సారు పైకే అన్నాడు. తెలుగులో కాబట్టి ప్రమాదం తప్పింది.

పొడుగమ్మాయి సగం బొమ్మను పలకమీంచి విప్పి, పక్కన పెట్టి, కొత్త కాగితం బిగించుకుంది. ఆమె ఆ పని చేసిన తీరు ఇప్పటికీ నా కళ్లలో ఉంది. చేతికొచ్చిన పంటను వదిలి కొత్త మడి దున్నడానికి దిగిన రైతు ముఖం అట్లా ఉంటుంది.

తెల్లగోడను నీటిరంగులో వేయడం ఎంత కష్టమో చెప్పాలి. టీచరమ్మ పద్ధతిలో తెల్లరంగు ఉండదు. తెలుపు కావాలంటే కాగితాన్నే ఖాళీగా వదిలెయ్యాలి. అంటే గోడను వేయకుండా గోడను చూపించాలి. చుట్టూ ఉన్న నీడలు సరిగ్గా పడితే ఆ ఖాళీ దానంతటదే గోడై నిలబడుతుంది. ఒక్కసారి పొరపాటున కుంచె తగిలిందా, ఇక తెలుపు తిరిగి రాదు. తాకకుండా ఉండలేని పిల్లకు ఇదీ పరీక్ష.

ఆమె ముందు చూరు నీడను పట్టుకుంది. గోడమీద పడ్డ ఆ నీడ పైన నీలంగా ఉంది, సున్నంలో కలిపిన నీలిమందు వల్ల. కిందికి వచ్చేకొద్దీ గులాబీ రంగుకు తిరిగింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇన్నేళ్లు చూడటం నేర్పినవాణ్ణి! ఆమె కుంచెతో అడుగున ఉన్న జాజు పట్టె వైపు చూపించింది. ఎండ ఆ ఎరుపు మీద పడి నీడలోకి ఎగిరి గోడకు తాకుతోంది. పటేలమ్మ పూసిన జాజు. నేను అదే గోడ ముందు పొద్దటినుంచీ నిలబడి ఉన్నాను.

తర్వాత పెంకులు. తర్వాత దర్వాజ, ఒక్క చీకటి పూతలో, మామిడాకుల దగ్గర మాత్రం కొంచెం ఆకుపచ్చ. ఎండ నెత్తిమీదికి వచ్చింది. నా చెప్పులు కరిగి వీధికి అంటుకున్నాయి. గోనెసంచులు ఆరిపోతే స్ట్రక్చర్స్ సారు స్వయంగా బకెట్‌తో నీళ్లు తెచ్చి తడిపాడు. ఎవరూ అడగలేదు.

చివరికి గోడ మధ్య ఉన్న ఖాళీ మిగిలింది. అన్నీ అయిపోయాయి. ఆమె చేతిలో కుంచె, కుంచె నిండా రంగు, కుంచె మొన ఖాళీ కాగితం మీద వేలెడు ఎత్తున ఆగి ఉంది. నాకు తెలుసు, ఆ చెయ్యి దిగుతుంది. ఒక చిన్న పగులు వేద్దామని, ఒక చిన్న మరక పెడదామని. దిగితే బురద. వీధి మొత్తం ఊపిరి బిగబట్టింది. పిట్టలు అరవడం మానేశాయి. అప్పుడు నేను, మహానుభావుణ్ణి, ఆమె వెనక్కి నడిచి, అనుభవమంతా ఒక్క మాటలోకి పిండి, మెల్లిగా అన్నాను. "చాలు బిడ్డా. వదిలెయ్యి." ఆ మాట ఆమె చెవినపడింది. చెయ్యి వెనక్కి వచ్చింది. కుంచె నీళ్లలోకి పోయింది.

సాయంత్రం బొమ్మలన్నీ అరుగుకు ఆనించి పెట్టారు. పటేలు చుట్టాలు పెద్దపల్లి నుంచి వచ్చారు. టీచరమ్మ ఒక్కొక్క బొమ్మ దగ్గరా నిలబడి మాట్లాడుతూ వచ్చి, పొడుగమ్మాయి బొమ్మను చేతుల్లోకి తీసుకుంది. జేబులోంచి పెన్సిల్ తీసి వెనకవైపు సంతకం చేసింది. పాస్. నేను తల ఊపాను. ఇక స్ట్రక్చర్స్ సారు. ఆయన వంగి, కళ్లజోడు సవరించుకుని, బొమ్మలో గోడ పొడుగునా వేలు గాలిలో నడిపించాడు.

"రంగు లేని కాడ కూడ గోడ నిలవడ్డది సారూ. గిదెట్లయితది?"

ఆయన జీవితంలో ఒక బొమ్మకు ఇచ్చిన మార్కులు అవే. పటేలు మాత్రం ముక్కు కాగితానికి ఆనేంత దగ్గరికి వచ్చి వెతికాడు.

"మా గోడకు అసలు రంగే ఎయ్యలే గదా ఈ పిల్ల?"

"ఎయ్యకుంటనే వేసింది పటేలా" అన్నాను.

ఆయన ఇంకా వెతికాడు. తర్వాత చుట్టాల వైపు తిరిగి, రెండు మీసాలూ ఒకేసారి మెలేశాడు. "సూడుండ్రి! ఏడనన్న పాసి ఉన్నదా? ఉంటె సూపియ్యుండ్రి!"

పటేలమ్మ సగం బొమ్మను, ఆ పాచి గోడను, అడిగి తీసుకున్నది. "నేను కోడలిగ వచ్చినప్పటి సంది సూసిన గోడ ఇదే బిడ్డా" అని కొంగుతో కప్పి లోపలికి పట్టుకుపోయింది.

ఇప్పుడు, మొదట్లో హెచ్చరించాను కాబట్టి, కోతల సంగతి. టోపీ పెద్దదే. ఎండ అంతే. మీసాలు కొంచెం సాగదీశాను, కరెంటు తీగల పిట్టలను నేనే జరిపాను. అవన్నీ సాగదీసినవే గానీ లేనివి కావు. ఇందులో అసలు జరగనిది ఒక్కటే. "చాలు బిడ్డా, వదిలెయ్యి" అన్న మాట నేను అనలేదు. ఆ సమయానికి పటేలమ్మ పెట్టిన అన్నం తిని, అరుగు చివర స్తంభానికి జారబడి, నోరు తెరిచి నిద్రపోతున్నాను. స్ట్రక్చర్స్ సారు లేపి చెప్పాడు.

"లెవ్వు సారూ. అయిపోయింది. కుంచె కాయితం మీదికి పోయింది, ఇగ ముట్టుకుంటదనుకున్నం. ఆగింది. ఎవ్వరం ఏమనలే. ఆమెనే ఆగింది."